బక్క పిల్లలు, తిండి పేచీలు: అపోహలు - వాస్తవాలు

"ఏమీ తినడు మేడం, గాలి పీల్చి బతుకుతున్నాడు." కావలిలో పిల్లల డాక్టరుగా నేను రోజూ వినే మాట ఇది. తల్లి ఆ మాట చెప్తుండగానే వాడి చేతిలో క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్ సగం ఖాళీ అయ్యుంటుంది, దాన్ని మాత్రం ఎవరూ తిండి లెక్కలో వేయరు. జలదంకి నుంచి వచ్చినా కొండాపురం నుంచి వచ్చినా తరచూ వినే నమ్మకాలు ఇవే.

అపోహ: పక్కింటోడు బొద్దుగా ఉన్నాడు, మావాడు ఎముకలు కనిపిస్తున్నాడు, అంటే బరువు తక్కువే.

అలా చెప్పలేం. పుట్టినప్పటి బరువు ఏడాదికల్లా మూడింతలవుతుంది, రెండేళ్లు దాటాక మాత్రం ఏడాదికి 2 కిలోల చుట్టుపక్కలే పెరుగుతారు, పెరుగుదల నెమ్మదిస్తే ఆకలి కూడా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం మూడేళ్ల ఆడపిల్ల మధ్యస్థ బరువు 13.9 కిలోలు, తక్కువ బరువు అనేది 10.8 కన్నా తగ్గితేనే. మీ పాప 12 ఉండి, మీరిద్దరూ సన్నగానే ఉండి, పాప చార్టులో తన గీత వెంబడే పెరుగుతుంటే టెన్షన్ పడాల్సింది లేదు.

అపోహ: అన్నం ముట్టకపోయినా పాలు తాగుతున్నాడు కదా, బలం వస్తుందిలే.

నా దగ్గరికొచ్చే పిలకాయల్లో ఎక్కువమంది కథ ఇక్కడే తేలుతుంది. లేవగానే ఒక సీసా, పదకొండుకొకటి, నిద్రకి ముందొకటి, అర్ధరాత్రి ఏడిస్తే ఇంకొకటి, కలిపితే 800 మిల్లీలీటర్లు. ఆవుపాలైనా అవి 500 కేలరీలు దాటుతాయి, రెండు మూడేళ్ల బిడ్డకి రోజంతా కావాల్సింది వెయ్యి కేలరీల చుట్టుపక్కలే, ఇక మధ్యాహ్నం పప్పన్నం ముందు కూర్చోబెడితే వాడికి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు. ఐరన్ తగ్గితే ఆకలి చస్తుంది, ఆకలి లేదని మళ్లీ పాలే పడతారు. బలపాలు, మట్టి, గోడ సున్నం తినే పిల్లలకి ఐరన్ తగ్గిందేమో చూడ్డానికి ముందు రక్తపరీక్ష చేయించండి. ఏడాది దాటాక రోజుకి 400, మహా అయితే 500 మిల్లీలీటర్లు, అదీ గ్లాసుతో, భోజనం తర్వాత. సీసా మానిపించిన మొదటి నాలుగైదు రోజులు ఇంట్లో రణరంగమే, ఆ సమయంలో నాయనమ్మ మీ పక్షాన ఉండేలా ముందే మాట్లాడుకోండి.

అపోహ: పౌడర్ కలిపితే బరువొస్తుంది.

చాలా పౌడర్లలో చక్కెర బాగా ఎక్కువ, డబ్బా వెనకాల చదవండి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలని 'హెల్త్ డ్రింక్స్' విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకి చెప్పింది, ఆహార భద్రత చట్టంలో ఆ పేరుకి నిర్వచనమే లేదు కాబట్టి. ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆకలి సిరప్‌లలో తరచూ ఉండేది సైప్రోహెప్టడిన్, అదొక పాత అలర్జీ మందు. తాగినన్నాళ్లూ ఆకలేస్తుంది, మత్తుగా ఉంటుంది, ఆపేస్తే ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు రాయకుండా వాడొద్దు.

అపోహ: నెయ్యి కఫం, గుడ్డు వేడి, అరటిపండు జలుబు.

మూడూ కాదు. పిల్లల పొట్ట చిన్నది, అందుకే పెట్టే ముద్ద చిన్నదైనా చిక్కగా ఉండాలి. చెంచా నెయ్యి 45 కేలరీలు, అది పప్పన్నంలో కలిస్తే ముద్ద సైజు మారదు. గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్. వేరుశనగల పొడి ఇడ్లీకి అద్దండి, అన్నంలో కలపండి, కానీ అయిదేళ్లలోపు పిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకడ్డం పడతాయి. రాగి జావ మంచిదే, కానీ నీళ్లలా పల్చగా కాస్తే పొట్ట నిండుతుంది తప్ప బరువు రాదు, చిక్కగా కాచి కాస్త బెల్లం, నెయ్యి వేయండి. చేపల పులుసు వండే రోజు కారం వేయకముందే ఒక ముక్క పక్కన పెట్టి, ఉప్పు, పసుపు రాసి పెనం మీద వేయించి, ముల్లు తీసి ఇవ్వండి. నెల్లూరు పులుసు ఘాటుకి పెద్దాళ్లమే ముక్కు చీదుకుంటాం, రెండేళ్లోడు పారిపోతే వాణ్ణేం అంటాం? అంగన్‌వాడీ గుడ్లు ఆ బిడ్డకే పెట్టండి.

అపోహ: బలవంతంగానైనా కుక్కాలి, లేకపోతే ఫోన్ చూపించి పెట్టాలి.

ముక్కు మూసి పెట్టిన ముద్ద లోపలికి పోతుందేమో గానీ, కంచం చూస్తేనే భయం మొదలవుతుంది. ఫోన్ చూస్తూ తినేవాడికి కడుపు నిండిందో లేదో తెలీదు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో వాడిష్టం. తిండికీ తిండికీ రెండున్నర మూడు గంటల ఎడం, మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, అరగంట దాటితే కంచం తీసేయండి. కొత్త కూరని పిల్లలు పది పదిహేనుసార్లు చూశాక గానీ నోట్లో పెట్టరు, మనమేమో రెండోసారికే "వీడికి బీరకాయ పడదు" అని తీర్మానం చేసేస్తాం.

దిష్టి తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, తీశాక బరువు కూడా తూయించండి. నులిపురుగుల మాత్ర ఏటా ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలో, బడిలో ఉచితంగా వేస్తారు, అన్ని బక్కతనాలకీ పురుగులే కారణం కాదు.

బరువు తగ్గుతున్నా, కొన్ని నెలలుగా పెరగకపోయినా, రెండు వారాలు దాటి దగ్గు, జ్వరం గానీ విరేచనాలు గానీ ఉన్నా, గట్టి ముద్ద మింగలేక పొలమారుతున్నా ఆలస్యం చేయొద్దు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకి జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే అది తీవ్రమైన పోషకాహార లోపం, ఆ రోజే చూపించాలి. అంగన్‌వాడీలో టేపుతో కొలుస్తారు.

వచ్చేటప్పుడు టీకాల కార్డుతో పాటు మూడు రోజులు తిన్నవీ తాగినవీ అన్నీ కాగితం మీద రాసుకుని రండి, తాత అంగట్లో కొనిచ్చినవి కూడా.