రేషన్ కార్డు ఎందుకు పోయింది: కుటుంబ సర్వే నుంచి సమగ్ర వేదిక దాకా

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. లెక్కలో లేకపోతే పథకాలు అందవన్న భయంతో వలస వెళ్లిన పాలమూరు కూలీలు కూడా బస్సులెక్కి ఊళ్లకొచ్చారు. సర్వే తప్పనిసరి కాదని ప్రభుత్వం హైకోర్టుకు చెప్పింది. ఊళ్లలో మాత్రం అలా అనుకున్నవాళ్లు తక్కువ.

అసలు మలుపు ఆ తర్వాతది. బండ్ల రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్ వంటి వివరాలు ఒక్కో శాఖ దగ్గర విడిగా ఉండేవి. వాటిని మనిషివారీగా కలిపే ‘సమగ్ర వేదిక’ వచ్చింది. అన్ని పట్టికల్లోనూ ఆధార్ ఉండదు కాబట్టి పేరు, తండ్రి పేరు, చిరునామా ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి రెండు పట్టికల్లోని మనిషి ఒకరేనని కంప్యూటర్ అంచనా కడుతుంది. నల్లగొండ పల్లెల్లో యాదయ్యలు, పాలమూరులో కుర్మయ్యలు ఎంతమంది! ఒకే ఊళ్లో ఇంటిపేరుతో సహా కలిసేవాళ్లుంటారు. పేరు ఇంగ్లిషులో ఆఫీసుకొక తీరుగా రాస్తారు. ఒకరి కారు మరొకరి లెక్కలో పడటానికి ఇంతకన్నా ఏం కావాలి? కారు అమ్మేసినా ఆర్టీఏలో పేరు మారకపోతే పాత యజమానే రేషన్ కార్డుకు అనర్హుడు.

2016 నుంచి ఇలా కంప్యూటర్ వడపోతతో రద్దయిన కార్డులు సుమారు 19 లక్షలు. ముందస్తు నోటీసు లేదు. చాలామందికి రేషన్ షాపులోనే తెలిసింది. క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటికే 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. ఏ యాదయ్య ఎవరో చెప్పగలిగిన మనిషే అప్పుడు ఊళ్లో లేకుండా పోయాడు.

మనిషికి నెలకు 6 కిలోల చొప్పున నలుగురున్న ఇంట్లో కార్డు పోతే ఏడాదికి 288 కిలోల బియ్యం పోయినట్టే. కిలో 40 రూపాయలకు కొన్నా 11,520 రూపాయలు. మీసేవ, తహసీల్దార్ ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజుల కూలి దీనికి అదనం. సర్కారు మిగిల్చానని చూపే సొమ్ములో ఇదీ కలిసే ఉంది, అది అన్యాయం.

రాజకీయ నష్టం ఇంత సూటిగా లెక్కకు రాదు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో 3 శాతం దాకా జనం లెక్కలోకి రాలేదు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. కానీ ఇచ్చిన వివరమే తన మీదికి తిరిగొస్తుందని చూసినవాడు తలుపు తీయడానికి వెనకాడతాడు.

కార్డు పోయినవాళ్లు ఏ శాఖ రికార్డు వల్ల పోయిందో రాతపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు దరఖాస్తుకు మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కారు కారణమైతే ముందు ఫారం 29, 30తో ఆర్టీఏలో పేరు మార్పించి, ఆ కాగితం జతచేయాలి.