పొదగేసిన గుడ్డులో 21 రోజులు

పల్లెల్లో పెట్ట రోజుకొకటి చొప్పున పెట్టే గుడ్లను దాచి, పది పన్నెండు పోగై అది పొదుగుకు వచ్చాక, ఊకో ఇసుకో పోసిన గంపలో వాటిని పేర్చి కోడిని పొదగేస్తారు. మొదటి గుడ్డు చివరిదానికంటే పది రోజులో రెండు వారాలో ముందు పెట్టినదైనా, పిల్లలన్నీ ఇంచుమించు 21వ రోజునే బయటపడతాయి.

గుడ్డు నేలను తాకేనాటికే పిండం మొదలై ఉంటుందని తెలిస్తే ఈ సంగతి మరింత వింతగా తోస్తుంది. అండాశయం నుంచి పచ్చసొన జారిన కొద్ది నిమిషాలకే, తెల్లసొన పట్టకముందే, అండనాళం పైచివర ఫలదీకరణం జరిగిపోతుంది. ఆ తరువాత పెంకు ఏర్పడడానికే సుమారు 20 గంటలు పడుతుంది. అంతసేపూ తల్లి ఒంటివేడిలో విభజన సాగుతూనే ఉంటుంది కాబట్టి, బయటకు వచ్చేసరికి పచ్చసొన మీద చిన్న తెల్లని బిళ్లలా కనిపించే పిండంలో 40,000 నుంచి 60,000 కణాలుంటాయి. (పుంజు లేకుండా పెంచే ఫారం కోళ్ల గుడ్లలో ఈ పిండం ఉండదు, వాటిని ఎన్నాళ్లు పొదిగించినా ఫలితం లేదు.)

బయటి చల్లదనం తగలగానే ఆ కణాలు చావకుండా నిలిచిపోతాయి. సుమారు 21 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, 37.5 డిగ్రీల దగ్గర మళ్లీ సాగుతుంది. కోడి కూర్చున్న రోజే అన్ని గుడ్లకూ మొదటి రోజు కావడానికి కారణం ఇదే. మన ఎండాకాలంలో దాచిన గుడ్లు ఎక్కువగా మురిగిపోవడానికీ ఇదే ఒక కారణం: ఆ వేడికి పిండం అరకొరగా కదులుతుంది, కానీ నిలదొక్కుకోలేదు.

పొదుగు మొదలైన తొలి రోజునే బిళ్ల మధ్యలో ఒక గీత ఏర్పడి, దాని గుండా కణాలు లోపలికి జారి మూడు పొరలవుతాయి. పై పొర నుంచి చర్మం, మెదడు, నాడులు. నడిమి పొర నుంచి కండ, ఎముక, గుండె, రక్తం. లోపలి పొర నుంచి పేగు, ఊపిరితిత్తుల లోతొడుగు తయారవుతాయి. రెండో రోజు ముగిసేలోపే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. వరుసగా గుడ్లు పగలగొట్టి చూసిన అరిస్టాటిల్, మూడు రోజుల గుడ్డులో అదిరే ఎర్రని చుక్కను చూసి అదే గుండె అని రాశాడు. భూతద్దం లేని కాలంలో ఆ పరిశీలన నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడో రోజుకు రెక్కలు, కాళ్లు మొగ్గల్లా పొడుస్తాయి. 1948లో జీవశాస్త్రవేత్త జాన్ సాండర్స్ రెక్కమొగ్గ అంచున ఉండే సన్నని గట్టును కోసి తీసి చూశాడు: త్వరగా తీస్తే భుజం దగ్గరి భాగం మాత్రమే ఏర్పడింది, ఆలస్యంగా తీస్తే కొసలు మాత్రమే లోపించాయి. అవయవం మొదలు నుంచి కొస వైపు వరుసగా రూపుదిద్దుకుంటుందనీ, ఆ పెరుగుదలను గట్టు నిలబెడుతుందనీ దీనితో తేలింది. కాలివేళ్లు విడివడడం మాత్రం చావు వల్ల జరిగే పని. వాటి నడుమ ఉన్న కణాలు కోడిలో చచ్చిపోతాయి, బాతులో బతికి ఈతపొరగా మిగులుతాయి.

పెంకు ఈ ప్రయాణమంతా కవచమే కాదు, సరుకు కూడా. వేలకొద్దీ సూక్ష్మరంధ్రాల గుండా ప్రాణవాయువు లోనికి వస్తుంది. పెంకును ఆనుకున్న రక్తనాళాల పొర ఎముకలకు కావలసిన సున్నాన్ని అందులోంచే కరిగించి తెస్తుంది. పిండం పొరలకు అతుక్కోకుండా పెట్ట గుడ్లను రోజూ ముక్కుతో దొర్లిస్తూ ఉంటుంది.

19, 20 రోజుల వేళ మిగిలిన పచ్చసొన పిల్ల పొట్టలోకి చేరుతుంది. పిల్ల గుడ్డు లావుకొసన గాలి నిండి ఉండే గాలిగది పొరను చీల్చి తొలిసారి ఊపిరి పీల్చి, లోపలి నుంచే కీచుమంటుంది; ముక్కు కొసన ఉన్న గట్టి బుడిపెతో పెంకును పగలగొడుతుంది. పొట్టలోని పచ్చసొన రెండు మూడు రోజులు తిండిగా సరిపోతుంది కనుక, ముందు పుట్టిన పిల్లలు ఆకలికి అలమటించవు. కొంచెం వెనకబడిన గుడ్ల కోసం తల్లి ఇంకాసేపు గంపలోనే కూర్చోగలుగుతుంది.