‘ఒసువరి’ అంటే ‘కూర్చోండి’ కాదు: ఇనుయాష చూసి జపనీస్ నేర్చుకునేవాళ్లకు

పోయిన వారం క్లాసులో మాక్ ఇంటర్వ్యూ పెట్టాను. జపాన్‌లో కేర్‌గివర్ ఉద్యోగానికి వెళ్లబోయే అమ్మాయి. నర్సింగ్ చదివింది, పనిలో వంక పెట్టడానికి లేదు. “పెద్దావిడ అన్నం తిననని మొండికేసింది, ఏమంటావు?” అని అడిగాను. ఏమాత్రం తడుముకోకుండా “కుఎ!” అంది. ఎనభై ఏళ్ల మామ్మను పట్టుకుని “తినవే!” అని కసిరినట్టన్నమాట. అనాల్సింది “మెషిఅగత్తె కుదసాయ్”, అంటే ‘దయచేసి తినండి’.

ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, “ఇనుయాషలో, సెన్సే. 167 ఎపిసోడ్లూ రెండుసార్లు చూశాను” అంది సంతోషంగా. (సెన్సే అంటే టీచరు.) ఇనుయాష అంటే రుమికో తకహషి అనే ఆవిడ రాసి గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. దాన్నే అనిమేగా, అంటే కార్టూన్ సీరియల్‌గా తీశారు. కాగొమే అనే ఈ కాలపు స్కూలు పిల్ల బావిలో పడి ఐదొందల ఏళ్లు వెనక్కి వెళ్లి ఇనుయాషను కలుస్తుంది.

పన్నెండేళ్లుగా జపనీస్ చెబుతున్నాను. బ్యాచ్‌కి ఒకరైనా ఇలా తగులుతారు.

అపోహ: అనిమే చూస్తే జపనీస్ దానంతట అదే వచ్చేస్తుంది.

వస్తుంది. ఎవరి జపనీస్ వస్తుందన్నదే అసలు గొడవ. ఇనుయాష సగం మనిషి, సగం యోకాయ్, అంటే జపాన్ జానపద కథల్లోని మాయజీవి. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, ఎవరి ఆదరణా లేకుండా పెరిగినవాడు. ‘నేను’ అనడానికి మొరటుగా ‘ఒరె’ అంటాడు, ఎదుటివాణ్ని తిట్టినట్టు ‘తెమే’ అంటాడు, ‘నాయ్’ (లేదు, కాదు) అనాల్సిన చోటల్లా ‘నే’ అని ఈడుస్తాడు. వాడి పొగరు మాటమాటలో తెలియాలనే రుమికో తకహషి అలా రాశారు. నక్క యోకాయ్ పిల్లాడు షిప్పో తనను ‘ఒరా’ అనుకుంటాడు, అది పల్లెటూరి పిల్లాడి మాట. మ్యోగా తాత ‘నేను’ అనడానికి ముసలివాళ్ల మాట ‘వషి’ అంటాడు. ఇనుయాష సవతి అన్న సెష్షోమారుకు ‘నేను’ అనడమే నామోషీ, ‘ఈ సెష్షోమారు’ అంటాడు. బౌద్ధ సన్యాసి మిరోకు నోరు మాత్రం మర్యాద తప్పదు, ఆడవాళ్ల దగ్గర చేతుల సంగతి చూసినవాళ్లకు తెలుసు.

మనం పాత్రోచిత భాష అంటామే, జపాన్ వాళ్లు దాన్ని ‘యకువరిగో’ అంటారు. టోక్యోలో ఏ ఆఫీసులోనూ ఎవరూ అలా మాట్లాడరు. మన పాత జానపద సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్న జపాన్ ఆయన బ్యాంకులోకి వచ్చి “ఎవరక్కడ!” అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు ‘కిసమ’, అంటే ‘నువ్వు’. చివర ‘సమ’ (మన ‘గారు’ లాంటిది) ఉంది కదా, గౌరవమేనని పిల్లలు అనుకుంటారు. ఒకప్పుడు నిజంగానే గౌరవవాచకం. ఎడో కాలంలో (1603-1868) దిగజారుతూ వచ్చి ఇప్పుడు పచ్చి తిట్టు అయింది. ఒక అబ్బాయి ఇంటర్వ్యూ తీసుకునే పెద్దాయన్నే ‘కిసమ’ అన్నాడు. నవ్వకండి, వాళ్ల నాన్న కోర్సు ఫీజుకు అప్పు తెచ్చారు. ఆ ఉద్యోగం పోయింది, వడ్డీ మాత్రం ఆగలేదు.

ఇక ‘ఒసువరి’. ఇనుయాష మెడలో మంత్రించిన పూసల దండ పడ్డాక, అతణ్ని అదుపు చేసే మాట ఏదైనా అనమని కయెదె అవ్వ కాగొమేకు చెబుతుంది. కాగొమే అతని కుక్క చెవులు చూసి ‘ఒసువరి!’ అంటుంది. వాడు నేలకు అతుక్కుపోతాడు. జోక్ అంతా అక్కడే ఉంది, అది పెంపుడు కుక్కకు చెప్పే మాట. చంటిపిల్లలకూ అంటారు.

ఈ తప్పు నేనూ చేశాను లెండి. మొదటిసారి టోక్యో వెళ్లినప్పుడు, రైల్లో ఒక పెద్దాయనకు సీటిస్తూ మహా వినయంగా “ఒసువరి” అన్నాను. ఆయన ఏమీ అనకుండా కూర్చున్నారు. పక్కనున్న మనవడు మాత్రం దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు. “దోజో” (రండి) అని లేచి నిలబడితే చాలని తర్వాత తెలిసింది. ‘ఒసువరి కుదసాయ్’ వ్యాకరణానికి తప్పు కాదు. కానీ కుక్క గుర్తొస్తుందని, మర్యాద ముఖ్యమైన చోట ‘ఒకాకె కుదసాయ్’ అనడం మంచిదంటారు.

దీన్నే ఎందుకింత పట్టుకున్నానంటే, జపనీస్ సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు. చదవడం, వినడం, అంతే. ఎన్4 (కింది నుంచి రెండో మెట్టు) సర్టిఫికెట్ చేతికొస్తుంది, ధైర్యం వస్తుంది, నోటి సంగతి ఇంటర్వ్యూదాకా బయటపడదు. ఇప్పటికే ఇలా అలవాటైనవాళ్లు టెన్షన్ పడకండి. రోజూ అరగంట వాక్యం చివర మర్యాద తెచ్చే ‘దెసు’, ‘మసు’లతో గట్టిగా మాట్లాడండి. నా క్లాసులో చాలామందికి నెలలోపే నోరు తిరిగింది. అనిమే మానేయమని నేను చెప్పను, నేనే మానలేదు.

అపోహ: కథ సెంగోకు కాలానిది (పదిహేను, పదహారో శతాబ్దాల యుద్ధాల కాలం), కాబట్టి అది స్వచ్ఛమైన పాత జపనీస్.

కాదు. పోర్చుగీసు మిషనరీలు 1603లో నాగసాకిలో వేసిన నిఘంటువు చూస్తే, ఇప్పటి ‘హన’ అనే మాట ‘ఫన’లా పలికేదని తెలుస్తుంది. నిజంగా ఐదొందల ఏళ్లు వెనక్కి బావిలో పడితే కాగొమే ఆ ఊరివాళ్ల మాట అర్థం కాక తల పట్టుకునేది. కథ నడవాలి కాబట్టి అందరికీ ఇప్పటి భాషే ఇచ్చి, పైన కాస్త పాత వాసన చల్లారు.

అపోహ: ఇవన్నీ దెయ్యాల పూజలు, పిల్లలు పాడైపోతారు.

తల్లులు ఫోన్ చేసి అడుగుతారు, పాపం భయం నిజమే. అమ్మా, ‘యాష’ అంటే మన యక్షుడే. కథలో విలన్ పేరు నరాకు అంటే నరకం. మిరోకు అంటే మైత్రేయుడు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా వెళ్లిన మన మాటలే. యోకాయ్‌లలో మంచివాళ్లూ ఉంటారు, చెడ్డవాళ్లూ ఉంటారు. ఈ పుకార్లు పుట్టించేవాళ్లు ఒక్క ఎపిసోడైనా చూసి ఉండరు.

అపోహ: సీరియల్ ఫ్లాపై మధ్యలో ఆపేశారు.

అనిమే అప్పటికింకా నడుస్తున్న మాంగా కథకు మరీ దగ్గరగా వచ్చేసింది, అంతే. 2000లో మొదలై 2004లో ఆగింది. మాంగా 1996 నుంచి 2008 దాకా నడిచి 56 సంపుటాలైంది. మిగిలిన కథను 2009-10లో 26 ఎపిసోడ్లలో ముగించారు. ఇంటర్నెట్‌లో దీనిమీద జరిగే వాదనలకు నాకు ఓపిక లేదు.

నర్సింగ్ పిల్లలకు నేను చూపించేది మాత్రం కాగొమే తాతను. మనవరాలు బడికి రాకపోతే టీచర్లకు, స్నేహితులకు ఆయన ముసలివాళ్ల జబ్బులన్నీ ఆ పదిహేనేళ్ల పిల్లకు అంటగడతాడు. పాపం ఆమె స్కూల్లో చదివే హోజో నమ్మేసి ఆరోగ్యానికి మంచివంటూ ఏవేవో తెచ్చిస్తుంటాడు. ఆ సీన్లు వచ్చినప్పుడు వీడియో ఆపి జబ్బుల పేర్లు రాయిస్తాను. “కుఎ” అన్న అమ్మాయి మొన్న పేజీన్నర రాసుకొచ్చింది. పక్కన తెలుగులో అర్థాలు, కింద చిన్న అక్షరాలతో: ‘సెన్సే, కాగొమేకు ఇన్ని జబ్బులుంటే వీసా ఇవ్వరు’.