గాంధీ అణుబాంబు, ఊదిన క్యాసెట్, నాణేల కరువు: వీడియో గేముల మీద అపోహలు - వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో గేమ్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. ఇది ఉద్యోగమేనా అని ఇంట్లో ఇప్పటికీ అనుమానమే. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే అమ్మ "సాఫ్ట్‌వేరు" అనేసి మాట మార్చేస్తుంది.

కొత్తగా చేరడానికి వచ్చేవాళ్లను ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను. "ఇప్పటిదాకా వచ్చిన గేముల్లో మిగతా గేముల్ని బాగా మార్చేసింది ఏది?" ఏ పేరు చెప్పినా నాకు అభ్యంతరం లేదు, ఎందుకో చెప్పమంటాను. యూట్యూబ్‌లో విన్న కథలన్నీ అప్పుడు బయటికొస్తాయి. వాటిలో సగం తప్పులు, మిగతా సగం పూర్తి నిజాలు కావు. ప్రభావం విషయంలో నా లెక్క చాలా మోటుది. ఈరోజు నేను చేస్తున్న గేములోకి ఆ పాత గేములోంచి ఏం ఎత్తుకొచ్చానో చూసుకుంటాను. అంతే. ఆ లెక్కతోనే కింది అపోహలు చూద్దాం.

అపోహ: ప్రపంచంలో మొట్టమొదటి వీడియో గేమ్ పాంగ్.

కాదు. అటారీ కంపెనీ తెచ్చిన ఈ బ్యాట్లూ బంతీ ఆటకంటే ముందు కనీసం నాలుగున్నాయి. 1958లో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హావెన్ నేషనల్ లేబొరేటరీలో విలియం హిగిన్‌బోతమ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ల్యాబ్ చూడటానికి వచ్చే జనానికి బోర్ కొట్టకూడదని ఆసిలోస్కోప్ తెర మీద ఒక టెన్నిస్ ఆట తయారుచేశారు. 1962లో ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద స్పేస్‌వార్ రాశారు. 1971లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ నాణెం వేసి ఆడే కంప్యూటర్ స్పేస్ తెచ్చారు. 1972లో రాల్ఫ్ బేర్ కనిపెట్టిన మాగ్నవాక్స్ ఒడిస్సీ ఇంట్లో టీవీకి తగిలించుకునేది. అందులోనూ టెన్నిస్ ఉంది. తర్వాత అటారీ పెట్టిన బుష్నెల్ దాన్ని ఒక ప్రదర్శనలో చూశారు కూడా. తర్వాత పాంగ్ మీద మాగ్నవాక్స్ కోర్టుకెళ్తే, 1976లో అటారీ రాజీపడి లైసెన్స్ తీసుకుంది.

మరి అందరికీ పాంగే ఎందుకు గుర్తుంది? దీనికి జవాబు ఆ ఆట లోపలే ఉంది. ఒడిస్సీలో స్కోరు కనిపించదు, చప్పుడు లేదు, టీవీ అద్దానికి రంగు ప్లాస్టిక్ కాగితం అతికించుకుని ఆడాలి. పాంగ్‌ను తయారుచేసిన అలన్ ఆల్కార్న్‌కు అటారీలో అదే మొదటి పని, చేయి తిరగడానికని ఇచ్చింది. ఆయన బ్యాట్‌ను ఎనిమిది ముక్కలుగా చూశారు. బంతి బ్యాట్ మధ్యలో తగిలితే తిన్నగా పోతుంది, చివర్లో తగిలితే ఏటవాలుగా దూసుకుపోతుంది. ఆడుతున్న కొద్దీ బంతి వేగం పెరుగుతుంది. ఇంకో తమాషా ఏంటంటే, బ్యాట్ స్క్రీన్ పై అంచు దాకా వెళ్లదు. అది సర్క్యూట్‌లో లోపం. ఆల్కార్న్ దాన్ని బాగుచేయకుండా అలాగే వదిలేశారు. లేకపోతే ఇద్దరు మంచి ఆటగాళ్లు కూర్చుంటే ఆట తెల్లారేదాకా సాగేది, మెషిన్‌లో రెండో నాణెం పడేది కాదు.

అన్నట్టు, పాంగ్‌లో ప్రోగ్రామ్ అంటూ ఏదీ లేదు. ప్రాసెసర్ కూడా లేదు, అంతా చిప్పుల మధ్య వైర్ల పనే. "పాంగ్ కోడ్ చూశాను సార్" అని ఒకసారి ఒక అబ్బాయి ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పాడు. ధైర్యానికి మార్కులు వేశాను.

అపోహ: స్పేస్ ఇన్వేడర్స్ దెబ్బకు జపాన్‌లో 100 యెన్ నాణేలకు కరువొచ్చింది.

వినడానికి బావుంటుంది కానీ అలాంటిదేం జరగలేదు. ఆట వచ్చిన 1978లో అక్కడ అచ్చేసిన 100 యెన్ నాణేలు అంతకుముందు ఏడాదికంటే తక్కువే. అయినా నాణెం మెషిన్లో పడితే మాయమైపోదు కదా. సాయంత్రానికి ఓనరు పెట్టె ఖాళీ చేసి, సంచి పట్టుకెళ్లి బ్యాంకులో కట్టేస్తాడు.

ఈ ఆటలో అసలు చెప్పుకోవాల్సింది వేగం గురించి. మొత్తం 55 గ్రహాంతరవాసులు. ఆటను తయారుచేసిన తొమోహిరో నిషికాడో వాడిన ప్రాసెసర్‌కు వాళ్లందర్నీ ఒకేసారి జరిపే శక్తి లేదు, స్క్రీన్ ఒకసారి మారినప్పుడల్లా ఒక్కరు జరుగుతారు. అందరి వంతూ పూర్తవడానికి మొదట్లో దాదాపు సెకను పడుతుంది. మీరు చంపుతున్న కొద్దీ మిగిలినవాళ్ల వంతు త్వరత్వరగా వస్తుంది. చివరికి మిగిలిన ఒక్కడు పిచ్చెక్కినట్టు పరిగెడతాడు. ఎవరూ ప్లాన్ చేయని ఈ టెన్షన్‌ను నిషికాడో గమనించి అలాగే ఉంచేశారు. గెలుస్తున్నకొద్దీ ఆట కష్టమవడం అనే పద్ధతిని ఇప్పుడు మేమందరం ఎక్సెల్ షీట్లలో లెక్కలు కట్టి మరీ పెడతాం.

అపోహ: ప్యాక్‌మ్యాన్‌లో దయ్యాలు ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి.

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు అన్నం పెట్టిన పాఠం ఇది.

1980లో నామ్‌కో కంపెనీలో తోరు ఇవతాని తయారుచేసిన, సందుల్లో చుక్కలు తింటూ తిరిగే ఈ ఆటలో నాలుగు దయ్యాలు. ఎరుపుది మీరున్న గడికే గురిపెట్టి వెంటపడుతుంది. గులాబీది మీరు చూస్తున్న దిక్కులో నాలుగు గడులు ముందుకు గురిపెడుతుంది, అంటే మీరు వెళ్లబోయే సందులో కాపు కాస్తుంది. నీలంది ఒక్కదాన్నే చూస్తే అర్థం కాదు, అది ఎర్రది ఎక్కడుందో చూసుకుని తన గురి లెక్కేసుకుంటుంది. నారింజది దూరంగా ఉన్నప్పుడు మీదికొస్తుంది, ఎనిమిది గడుల దగ్గరికి రాగానే భయపడ్డట్టు తన మూలకు వెళ్లిపోతుంది. మధ్యమధ్యలో నాలుగూ వేట ఆపి వాటి వాటి మూలలకు పోతాయి, మనకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. మనం పెద్ద చుక్క తిన్నప్పుడు అవి నీలంగా మారి పారిపోతాయే, దిక్కు తోచనట్టు తిరిగేది ఆ కాసేపు మాత్రమే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న గేముకు శత్రువులను నేనే రాశాను. నాలుగింటికీ ఒకే రూలు: ఆటగాడి వెంటపడు. ఆడి చూస్తే అర నిమిషంలో నాలుగూ ఒకదాని వెనక ఒకటి రేషన్ షాపు క్యూలా నిలబడిపోయాయి. ఆటగాడు ముందు, వెనకాల ఊరేగింపు. భయం లేదు, ఆటా లేదు. మా సీనియర్ వెనక నుంచి చూసి "ప్యాక్‌మ్యాన్ ఆడావా, చూశావా?" అన్నాడు. ఆడటానికీ చూడటానికీ తేడా ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ రాత్రి ఒక్కో దయ్యాన్నీ పట్టుకుని, మిగతావాటిని వదిలేసి, కాగితం మీద దాని దారి గీశాను. మర్నాడు మా నాలుగు శత్రువులకు నాలుగు బుద్ధులిచ్చాను. కోడ్ ఇరవై లైన్లు కూడా పెరగలేదు.

అపోహ: మారియో క్యాసెట్ ఊదితే పనిచేస్తుంది.

ఈ అపోహకు మన ఊళ్లలో గుడి కట్టొచ్చు. తొంభైల్లో పుట్టినవాళ్లలో ఊదనివాళ్లు తక్కువ. మాకు తెలిసిన 'వీడియో గేమ్' అంటే నింటెండో వాళ్ల డబ్బాకు డూప్లికేట్, పసుపు రంగు క్యాసెట్, మీద 9999 ఇన్ 1 అని రాసుండేది. లోపల నిజంగా ఉండేవి పదో పరకో గేములు, మళ్లీ మళ్లీ అవే వచ్చేవి. నేను పేజీలు తిప్పి తిప్పి రెండు వందల దాకా లెక్కపెట్టి వదిలేశాను.

పనిచేసేది ఊపిరి కాదు. క్యాసెట్ తీసి మళ్లీ గట్టిగా పెట్టినప్పుడు లోపలి రాగి కాళ్లు సరిగ్గా ఆనుకుంటాయి, బొమ్మ వస్తుంది. మనం మధ్యలో ఊదాం కాబట్టి ఆ క్రెడిట్ ఊపిరికి వెళ్లింది. నిజానికి నోటి తడి వల్ల ఆ కాళ్లకు తుప్పు పడుతుంది. ఊదొద్దని నింటెండో కూడా చెప్పింది.

1985లో వచ్చిన అసలు సూపర్ మారియో బ్రోస్ మొత్తం 40 కిలోబైట్లు. మీరు పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ పువ్వు అంతకంటే పెద్దది. చోటు చాలక ఆకాశంలో మబ్బులకూ నేలమీద పొదలకూ ఒకే బొమ్మ వాడారు, రంగు మాత్రం మార్చారు. ఈసారి చూసినప్పుడు గమనించండి, ఇక ఆ పొద మీకు పొదలా కనిపించదు. మొదటి లెవెల్లో మొదటి పుట్టగొడుగు పైపుకు తగిలి మళ్లీ మీ వైపే రావడం కూడా కావాలని పెట్టిందే. అది శత్రువేమో అని మీరు తప్పించుకోబోయినా, నెత్తిన ఇటుకలుంటాయి కాబట్టి సరిగ్గా ఎగరలేక దానికి తగిలిపోతారు. తగిలితే పెద్దవుతారు. ఒక్క మాట చదవకుండానే మా ఊళ్లో అక్షరం రాని పిల్లలు కూడా ఆ రూలు నేర్చుకున్నారు.

అపోహ: ఈ.టి. అనే ఒక్క చెత్త గేమ్ మొత్తం పరిశ్రమను ముంచేసింది.

గేమ్ బాగాలేదన్నది నిజమే. అటారీ కోసం దాన్ని చేసిన హోవర్డ్ స్కాట్ వార్షాకు ఇచ్చింది అయిదు వారాలు. 1982 క్రిస్మస్ అమ్మకాలకు అందించాలని తొందర. ఆయన అసమర్థుడేం కాదు, అంతకుముందు అటారీకి మంచి హిట్ ఇచ్చిన మనిషి. డెడ్‌లైన్ ముందే రాసిపెట్టి తర్వాత డిజైనర్‌ను వెతికే పద్ధతి నాకు బాగా తెలుసు కాబట్టి ఆయన్ను తిట్టడానికి నోరు రాదు.

మునగడానికి కారణాలు వేరే. ఎవరు పడితే వాళ్లు క్యాసెట్లు తయారుచేసి షాపుల్లో కుమ్మరించారు. అమ్ముడుపోనివి కారుచవగ్గా ఇచ్చేశారు, దాంతో మంచి గేములకూ ధర పలకలేదు. కమొడోర్ 64 లాంటి ఇంటి కంప్యూటర్లు చవగ్గా దొరకసాగాయి. పైగా 1983లో మునిగింది ఉత్తర అమెరికా మార్కెట్. అదే ఏడాది జులైలో జపాన్‌లో నింటెండో వాళ్ల గేమ్ డబ్బా ఫ్యామికామ్ విడుదలై దూసుకుపోయింది.

న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో అటారీ క్యాసెట్లు పాతిపెట్టిందన్న కథ మాత్రం నిజం. 2014లో తవ్వితే దొరికాయి. కానీ అక్కడ ఉన్నది ఈ.టి. ఒక్కటే కాదు, బాగా ఆడిన గేములూ బయటపడ్డాయి.

ఈ గొడవ మిగిల్చిన ముద్ర ఇంకోటుంది. తర్వాత అమెరికాకు తన డబ్బా తెచ్చిన నింటెండో, తన అనుమతి లేని క్యాసెట్ ఆడకుండా డబ్బాలో ఒక తాళం చిప్ పెట్టింది. బయటి కంపెనీలు ఏడాదికి ఇన్నే గేములు తేవాలని హద్దు గీసింది. ఇవాళ మేం అప్‌డేట్ పంపి, స్టోర్ వాళ్ల అనుమతి కోసం గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటాం చూడండి, దానికి పాత చుట్టం అదే.

అపోహ: సివిలైజేషన్ గేములో బగ్ వల్ల గాంధీ అణుబాంబులు వేసేవాడు.

ఇంటర్వ్యూల్లో నేను అందరికంటే ఎక్కువగా వినే కథ ఇది. కథేంటంటే, దేశాల నాయకులు పోటీపడే ఈ ఆటలో గాంధీ కోపం అంకె 1. ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి 2 తగ్గాలి. 0 నుంచి 255 దాకే పట్టే చోట మైనస్ ఒకటి పట్టక అంకె తిరగబడి 255 అయ్యింది, దాంతో మహాత్ముడు రాక్షసుడయ్యాడు. ప్రోగ్రామింగ్ క్లాసుల్లో ఉదాహరణగా కూడా చెప్పేస్తున్నారు.

1991 నాటి ఆ ఆటను చేసిన సిడ్ మైయర్ 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో అలాంటి బగ్గే లేదని రాశారు. ఆ కోడ్‌లో అంకెలు మైనస్‌లోకి మామూలుగానే వెళ్లగలవు. కోపం స్థాయిలు మొత్తం మూడే, గాంధీతోపాటు ఇంకా చాలామంది నాయకులది తక్కువ స్థాయే. మరి ఆ బెదిరింపులు? ఆటలో భారతదేశం చదువు మీద, పరిశోధన మీద పడేది కాబట్టి అణుశక్తి కొంచెం ముందే చేతికొచ్చేది. బాంబు ఉన్న ప్రతి నాయకుడూ ఒకే రకంగా బెదిరిస్తాడు. ఆ మాటలు గాంధీ బొమ్మ పక్కన వస్తే మనకు నవ్వొచ్చింది, గుర్తుండిపోయింది. బగ్ కథ ఇరవై ఏళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో పుట్టింది. ఈలోగా 2010లో వచ్చిన అయిదో భాగంలో డిజైనర్లు సరదాకి గాంధీకి అణ్వాయుధాల మోజును నిజంగానే పెంచి పెట్టారు.

అపోహ: తుపాకీ గేములన్నీ డూమ్‌తో మొదలయ్యాయి, అదే మొదటి త్రీడీ.

రెండూ తప్పే. డూమ్ చేసిన కంపెనీదే వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ అంతకు ఏడాదిన్నర ముందు వచ్చింది. 1970లలోనే మేజ్ వార్ ఉంది. 1993 డూమ్‌లో ఒక గది మీద ఇంకో గది కట్టలేరు, మ్యాప్‌ను కాగితం మీద గీసినట్టు పైనుంచే గీయాలి, ఒక్కో చోటుకు నేల ఎత్తు ఒకటి, కప్పు ఎత్తు ఒకటి మాత్రమే. కానీ మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు ప్రోగ్రామ్‌లో కలిపేయకుండా వేరే ఫైల్లో పెట్టారు. దాంతో ఎవరైనా ఆ ఫైలు మార్చి తమ సొంత డూమ్ చేసుకోవచ్చు.

అపోహ: కొత్త రకం ఆటలు పెద్ద కంపెనీల్లోంచే వస్తాయి.

ఆ వేరే ఫైలు తెరిచిన దారి చూడండి. కౌంటర్ స్ట్రైక్ 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్ లైఫ్ గేముకు చేసిన మాడ్, అంటే ఉన్న గేమునే మార్చి చేసుకున్న ఆట. తర్వాతే వాల్వ్ కంపెనీ వాళ్లిద్దర్నీ తీసుకుంది. డోటా కూడా వార్‌క్రాఫ్ట్ 3 గేముకు ఆటగాళ్లు చేసుకున్న మ్యాప్. పబ్జీకి మూలం బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లాండ్ మనిషి ఆర్మా గేములకు చేసిన మాడ్లు. పబ్జీ చైనా గేమ్ అనేవాళ్లకు ఒక మాట. గేమ్ దక్షిణ కొరియా కంపెనీది, ఫోన్లోకి తెచ్చింది చైనా టెన్సెంట్. 2020 సెప్టెంబరులో మన దేశం నిషేధించింది ఆ ఫోన్ గేమునే.

మేం ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 కోసం నెట్ సెంటర్‌కు పోయేవాళ్లం. పది సిస్టమ్‌లు, ఒకే ఏసీ, అది కూడా ఓనరు కుర్చీ వైపు తిప్పి ఉండేది. ఆడిందల్లా డస్ట్ 2 మ్యాప్ ఒక్కటే. మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాణ్ణి బోర్డు మీద ఆ మ్యాప్ గీయమన్నాను. "అన్నా, ఆడి ఏడేళ్లయింది" అంటూనే మార్కర్ అందుకుని సొరంగం, పొడుగు దారి, రెండు బాంబు స్థలాలు చకచకా గీసేశాడు. మధ్యలో తలుపుల దగ్గరికొచ్చి ఆగాడు. రెండు తలుపుల మధ్య చిన్న సందు వదలాలి, అవతలి నుంచి గురి చూసేవాడికి మనం ఒక్క క్షణం కనబడేంత. చేత్తో రెండుసార్లు చెరిపి, మూడోసారి సరిగ్గా వదిలాడు.