హోమ్‌ను వేరుగా పెట్టండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పాత ల్యాప్‌టాప్‌లో మీ అంతట మీరే లినక్స్ ఎక్కించుకుంటామని రాశారు. చదివి చాలా సంతోషించాను. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో డిస్కును ఎలా విభజించాలన్న దాని దగ్గర మాత్రం తొందరపడకండి. డిస్కు మొత్తం చెరిపి ఎక్కించమంటే క్షణంలో పని తెములుతుంది. కానీ మామూలుగా సిస్టమ్ ఫైళ్లూ మీ ఫైళ్లూ ఒకే పార్టిషన్‌లో, అంటే డిస్కులోని ఒకే భాగంలో, పడతాయి. మీ ఫైళ్లుండే 'హోమ్'ను వేరే పార్టిషన్‌లో పెట్టుకోవాలి.

నేనూ అలాగే చేశాను. ఒకసారి అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయింది, సిస్టమ్ మళ్లీ లేవలేదు. కొత్తగా ఎక్కించే కంగారులో ఉన్న ఆ ఒక్క పార్టిషన్‌నూ ఫార్మాట్ చేశాను. మీ నానమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు అందులోనే ఉన్నాయి. వాటికి ఇంకో కాపీ లేదు. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

మీ డిస్కు 256 జీబీ అన్నారు. ముందుగా ఈఎఫ్ఐ పార్టిషన్‌కు 512 ఎంబీ ఇవ్వండి. కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ కోసం వెతికేది అక్కడే. విండోస్ కూడా ఉంచుకోవాలనుకుంటే ఈఎఫ్ఐ సాధారణంగా ఇప్పటికే ఉంటుంది, దాన్ని ఫార్మాట్ చేయవద్దు. సిస్టమ్ ఉండే రూట్‌కు 50 జీబీ చాలు. 20కి కుదించకండి, అప్‌డేట్లతో త్వరగా నిండిపోతుంది. తర్వాత పెంచాలంటే పక్క పార్టిషన్‌ను జరపాలి, అది ప్రమాదం. మీ 8 జీబీ ర్యామ్‌కు హైబర్నేట్ (తెరిచినవన్నీ డిస్కులో దాచి ఆపేయడం) కావాలంటే, ర్యామ్‌లోది దాచుకునే స్వాప్ పార్టిషన్‌ను కనీసం అంతే పెట్టండి. మిగిలినదంతా హోమ్‌కే. రూట్‌కూ హోమ్‌కూ ఫైల్ సిస్టమ్‌గా (ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4 ఎంచుకోండి. సర్వర్లలో లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే చిట్టాలు) పెరిగి రూట్ నిండకుండా, అవి ఉండే 'వర్' డైరెక్టరీని కూడా విడదీస్తారు, మీకు ఆ అవసరం లేదు.

ఈ ఏర్పాటు విలువ రెండోసారి ఎక్కించేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు రూట్ వరుసలో 'ఫార్మాట్' గడిలో టిక్ ఉండాలి. హోమ్ వరుసలో మౌంట్ పాయింట్ (ఆ పార్టిషన్ సిస్టమ్‌లో ఎక్కడ కనిపించాలో చెప్పే చోటు) మాత్రం చూపించి, ఆ గడిని ఖాళీగా వదలాలి. ఆ ఒక్క టిక్ మీదే మీ ఫొటోలూ పాఠాలూ ఆధారపడి ఉంటాయి. పాత యూజర్ పేరే మళ్లీ ఇవ్వండి, మీ పాత ఫోల్డరే తెరుచుకుంటుంది. ఇద్దరికీ ఖాతాలుంటే మొదటిసారి సృష్టించిన వరుసలోనే సృష్టించండి. లినక్స్ ఫైలు యజమానిని పేరుతో కాక అంకెతో గుర్తుపెట్టుకుంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో మొదటి యూజర్‌కు 1000, రెండో యూజర్‌కు 1001 వస్తాయి. వరుస తారుమారైతే ఒకరి ఫైళ్లు ఇంకొకరివిగా కనిపిస్తాయి.

హోమ్ వేరుగా ఉంది కదా అని బ్యాకప్ మానకండి. డిస్కే పాడైతే అన్ని పార్టిషన్లూ ఒకేసారి పోతాయి. ఇన్‌స్టాల్ మొదలుపెట్టకముందే ఫొటోలన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, రెండు మూడు తెరిచి చూడండి.

ఆ తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ సిస్టమ్ (డిస్కులో ఎక్కించకుండానే నడిచే లినక్స్) తెరిచి, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌బీఎల్‌కే' (lsblk) అన్న ఆదేశం ఇవ్వండి. డిస్కులూ పార్టిషన్లూ పరిమాణాలతో సహా కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్ కూడా ఆ జాబితాలోనే ఉంటుంది కాబట్టి పరిమాణం చూసి పోల్చుకోండి. ఆ తెరను ఫొటో తీసి నాకు పంపండి. నేను చూసి ఫోన్ చేసేదాకా ఇన్‌స్టాల్ నొక్కవద్దు.

మీ తాతయ్య