చైనీస్ అక్షరాల్లో గీతల వరుస: అపోహలు - వాస్తవాలు

మెడిసిన్ చదవడానికి చైనా వెళ్లే మన పిల్లలకు చైనీస్ నేర్పడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ మూడో వారం వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మొన్న ఒకమ్మాయి తన నోట్‌బుక్‌ని కెమెరా ముందు పెట్టింది. ప్రతి అక్షరం చుట్టూ ఏ గీత ముందు, ఏది తర్వాత అని బాణాలు, అంకెలు. "నూటయాభై అక్షరాలకే ఇలా ఉంది సార్, మూడు వేలకు వరుస ఎలా బట్టీ పట్టాలి?" అని ఏడ్చేసింది.

అపోహ: ప్రతి అక్షరానికీ వేరే వరుస, అన్నీ బట్టీ పట్టాల్సిందే.

పిల్లలు చదువు మధ్యలో వదిలేయడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. ఎవరు పుట్టించారో గానీ ఈ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. అక్షరాలు వేలల్లో ఉన్నా, వాటిని కట్టిన ముక్కలు కొన్ని వందలే. స్త్రీ అని అర్థమిచ్చే 'న్యూ' తీసుకోండి. మూడు గీతలు. మనవాళ్లు అడ్డగీతతో మొదలుపెడతారు, నిజానికి అది ఆఖరున రావాలి. ముందు ఎడమకు వాలి మలుపు తిరిగే గీత, తర్వాత దాన్ని కోస్తూ దిగే గీత, అప్పుడు అడ్డం. ఇది చేతికి వచ్చిందంటే అమ్మ, అక్క, చెల్లి, ఆమె అనే అక్షరాలన్నిటిలో ఎడమ సగం వచ్చేసినట్టే. చైనీస్ పలకరింపు 'నీ హావ్'లోని 'హావ్' కూడా అంతే. పక్కన ఇంకో ముక్క చేరినప్పుడు అడ్డగీత కొస కాస్త పైకి లేస్తుంది, వరుస మాత్రం మారదు.

ఇక ముక్కల్ని పేర్చే పద్ధతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి. అడ్డం, నిలువు కోసుకుంటే అడ్డం ముందు. ప్రహరీ ఉంటే లోపల సామాను సర్దాకే గేటు వేయాలి: దేశం అనే 'క్వో'లో మూడు వైపులా గోడ, తర్వాత లోపలి ముక్క, చివర కింది గీత. నీళ్లు, చిన్న అనే అక్షరాల్లో నడిమి నిలువు ముందు, పక్కలు తర్వాత. ఇవి తప్పే అక్షరాలు ఉన్నాయి, కానీ అవి కనబడినప్పుడు నేర్చుకుంటే చాలు.

మన చేతికి ఒక ఇబ్బంది ఉంది. తెలుగు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి, నోరు అనే 'ఖౌ'ని సున్నా చుట్టినట్టు ఒక్క విసురులో గీసేస్తాం. అది మూడు గీతలు: ఎడమ నిలువు, పైనుంచి కుడివైపు మలుపు తిరిగి దిగేది, కింద అడ్డం.

అపోహ: వరుస తప్పితే పరీక్షలో మార్కులు పోతాయి.

విదేశీయులకు పెట్టే చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే పేపర్లో చూసేది పూర్తయిన అక్షరాన్నే. చైనాలో చిన్న తరగతుల పిల్లలకు వరుస మీద ప్రశ్నలుంటాయి, ఆ మాటే ఇక్కడికి పాకింది. టెన్షన్ వద్దు.

అపోహ: వరుస అంతటా ఒకటే.

కాదు. రాజు అనే అక్షరంలో చైనావాళ్లు రెండు అడ్డాల తర్వాత నిలువు గీస్తారు, ఇవే అక్షరాలు వాడే జపాన్‌లో ఒక అడ్డం కాగానే నిలువు. చైనా 1997లో 7,000 అక్షరాలకు వరుస ఖరారు చేసింది. 2021 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న ప్రమాణంలో 8,105 ఉన్నాయి. జపనీస్ వీడియో చూసి నేర్చుకుని, టీచర్ దిద్దగానే కుంగిపోకండి.

అపోహ: ఫోన్ ఉండగా వరుస ఎందుకు?

మాట్లాడితే చాలనుకునేవారికి నిజంగానే అక్కర్లేదు. కానీ చైనాలో నా మొదటి ఏడాది, హాస్టల్ తలుపుకి చేత్తో రాసిన చీటీ ఒకటి అంటించారు. గీతలన్నీ కలిసిపోయి దారం చిక్కులా ఉంది. పుస్తకంలో ఉన్న ఏ అక్షరంలానూ లేదు. పక్క గది కుర్రాడు దాన్ని వేలితో గాల్లో నెమ్మదిగా రాశాడు. అక్కడ బడిలో పిల్లలు గీతల పేర్లు పైకి చెబుతూ అలాగే నేర్చుకుంటారు. నడుమ నిలువు, ఎడమ, కుడి. కలం ఎటు నుంచి ఎటు జారిందో అప్పుడు కనిపించింది: నీళ్లు. రేపు నీళ్లు రావు. ఆ రాత్రే బకెట్లు నింపుకున్నాను.