ఫైనా అబ్రమోవా దాచిన నమూనాలు

ప్రియమైన పిల్లలూ,

"రోగాలతో కూడా యుద్ధం చేస్తారా తాతయ్యా?" అని అడిగారు కదా. చేశారు. 1763లో ఉత్తర అమెరికాలోని ఫోర్ట్ పిట్ కోటకు డెలవేర్ తెగ పెద్దలు మాట్లాడటానికి వచ్చారు. తిరిగి వెళ్లేటప్పుడు కోటలోని బ్రిటిష్ వాళ్లు వారి చేతికి రెండు దుప్పట్లు, ఒక చేతిరుమాలు ఇచ్చారు. అవి మశూచి ఆసుపత్రి నుంచి తెప్పించినవి. కానుక పేరుతో రోగాన్ని చేతిలో పెట్టడం తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆయుధంగా మారతాయని వైద్యులు భయపడే జబ్బుల్లో మశూచి, ప్లేగు, ఆంత్రాక్స్ ముందుంటాయి. మశూచి మనిషి నుంచి మనిషికి పాకుతుంది. టీకాలతో దాన్ని తుదముట్టించామని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ వైరస్‌ను ఇప్పుడు అధికారికంగా అమెరికాలో ఒకచోట, రష్యాలో ఒకచోట మాత్రమే భద్రపరిచారు. ప్లేగుకు మందులున్నాయి, ఆలస్యం చేయకూడదు అంతే. ఆంత్రాక్స్ అంటే పశువులకు వచ్చే దొమ్మరోగమే. మనిషి నుంచి మనిషికి దాదాపుగా అంటదు, కానీ దాని స్పోర్లు (గట్టి పొర కప్పుకుని నిద్రలో ఉండే సూక్ష్మజీవులు) మట్టిలో దశాబ్దాల పాటు చావవు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆంత్రాక్స్‌ను పరీక్షించిన గ్రూనార్డ్ దీవి సురక్షితమని ప్రకటించడానికి 1990 దాకా పట్టింది.

అసలు మీకు చెప్పాలనుకున్నది స్వెర్‌డ్‌లోవ్‌స్క్ సంగతి. 1979 ఏప్రిల్‌లో ఆ సోవియట్ నగరంలోని సైనిక ప్రయోగశాల నుంచి ఆంత్రాక్స్ స్పోర్లు గాలిలో కలిశాయి. కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిన్నారని ప్రభుత్వం చెప్పింది. రహస్య పోలీసులు ఆసుపత్రి కాగితాలు పట్టుకుపోయారు. కానీ శవపరీక్షలు చేసిన ఫైనా అబ్రమోవా అనే వైద్యురాలు, ఆమె సహచరుడు లెవ్ గ్రిన్‌బెర్గ్ కొన్ని శరీర నమూనాలను దాచి ఉంచారు. మాంసం వల్ల వచ్చిన జబ్బయితే పేగుల్లో మొదలవ్వాలి. ఆ నమూనాల్లో ఛాతీలోని గ్రంథులు రక్తంతో నిండి ఉన్నాయి. అంటే వాళ్లు రోగాన్ని తినలేదు, పీల్చారు.

1992లో అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లింది. మృతుల కుటుంబాలను కలిసి, స్పోర్లు గాలిలో కలిసిన ఏప్రిల్ 2న ఎవరెవరు ఎక్కడ ఉన్నారో అడిగి మ్యాపు మీద గుర్తులు పెట్టింది. గుర్తుల్లో చాలా వరకు సైనిక స్థావరం దగ్గర మొదలై దాదాపు 4 కిలోమీటర్ల సన్నని పట్టీలో పడ్డాయి. ఆ గీతనే పొడిగిస్తే, 50 కిలోమీటర్ల దూరం వరకు పశువులు చచ్చిన పల్లెలు తగిలాయి. ఆ రోజు గాలి వీచిన దారి కూడా అదే.

జీవాయుధాలను నిషేధించే ఒప్పందం మీద సోవియట్ యూనియన్ 1972లోనే సంతకం చేసింది. ఒప్పందం అమలవుతోందో లేదో తనిఖీ చేసే యంత్రాంగం మాత్రం నేటికీ ఏర్పడలేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

ఆ ఊరి పేరు ఇప్పుడు యెకతెరిన్‌బర్గ్. మీ అట్లాసులో వెతకండి. దొరికాక స్కేలు పెట్టి దక్షిణం వైపు గీత గీయండి.

ప్రేమతో,
మీ తాతయ్య